పాత స్పోర్ట్స్ కారుకు కొత్త బ్రేకులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం బ్రేకుల మీదే. ముప్పై, నలభై, యాభై ఏళ్ల నాటి స్పోర్ట్స్ కార్లు నడిపేవాళ్లు అడిగినవి. ఒకే జవాబుతో సరిపోయే వాటిని కలిపేశాం. బోల్టుల బిగింపు, డిస్కు కనీస మందం లాంటి అంకెలకు మాత్రం మీ కారు వర్క్‌షాప్ మాన్యువల్‌నే నమ్మండి. అవి మోడల్‌కో తీరుగా ఉంటాయి. కొత్తవాళ్లకు ఒక్కమాట: చక్రంతో తిరిగేది డిస్కు, దాన్ని రెండు పక్కలా పట్టేవి ప్యాడ్‌లు, పిస్టన్లతో వాటిని నొక్కేది క్యాలిపర్, పెడల్ తొక్కితే అక్కడికి ఆయిల్‌ను నెట్టేది మాస్టర్ సిలిండర్.

ప్రశ్న: నాది 1990 నాటి మాజ్డా ఎంఎక్స్-5, 1.6 ఇంజిన్. ముందు చక్రాలకు నాలుగు పిస్టన్ల క్యాలిపర్లు, పెద్ద డిస్కులు ఉన్న కిట్ వేయిద్దామనుకుంటున్నా. కారు ఎంత తక్కువ దూరంలో ఆగుతుంది?

జవాబు: ఆ కిట్ వల్ల ఒక్క మీటరు కూడా తగ్గకపోవచ్చు. ముందు ఒక సంగతి చూసుకోండి. ఇప్పుడున్న బ్రేకును గట్టిగా తొక్కితే చక్రాలు లాక్ అవుతున్నాయా, అంటే తిరగడం మాని జారుతున్నాయా? అవుతున్నాయంటే బ్రేకు బలానికి లోటు లేదు. అక్కడి నుంచి కారును ఆపాల్సింది టైరు పట్టే. ఏళ్ల తరబడి ఎండి గట్టిపడిన టైర్లు మార్చితే ఆగే దూరం తగ్గుతుంది, క్యాలిపర్ మార్చితే తగ్గదు.

మరి పెద్ద డిస్కు ఎందుకంటే, వేడిని తట్టుకోవడానికి. 1,000 కిలోల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి ఆగినప్పుడు సుమారు 386 కిలోజౌళ్ల శక్తి వేడిగా మారుతుంది. అందులో 70 శాతం ముందు బ్రేకులదే అనుకుందాం. ముందు డిస్కులు ఒక్కోటి 5 కిలోలుంటే ఒక్కసారి ఆగినందుకే వాటి వేడి దాదాపు 55 డిగ్రీలు పెరుగుతుంది. రోడ్డు మీద అది పెద్ద లెక్క కాదు, గాలికి చల్లారిపోతుంది. అదే 150 వేగం నుంచి ఆపితే శక్తి రెండుంబావు రెట్లు, అంటే ఒక్కసారి ఆపితే 120 డిగ్రీలు. చల్లారే వ్యవధి లేకుండా ఇలా నాలుగైదు సార్లు తొక్కారంటే మామూలు ప్యాడ్ పట్టు వదిలేస్తుంది, ఆయిల్ మరగడం మొదలెడుతుంది. ట్రాక్ మీద, పొడవాటి ఘాట్ రోడ్డు దిగేటప్పుడు జరిగేది ఇదే. మీ కారు ఆ పని చేస్తుంటే బరువైన డిస్కు కావాలి. లేదంటే అక్కర్లేదు.

నాలుగు పిస్టన్లు అనగానే నాలుగింతల బలం అనుకుంటారు. లెక్క వేసి చూడండి. ఒక పక్కే పిస్టన్ ఉండి, మొత్తంగా పక్కకు జరిగే జారే రకం పాత క్యాలిపర్‌లో 54 మి.మీ. పిస్టన్ ఒకటుందనుకుంటే దాని వైశాల్యం 2,290 చదరపు మి.మీ. నాలుగు పిస్టన్ల క్యాలిపర్‌లో ఒక పక్క ఉన్న రెండిటినే లెక్కలోకి తీసుకోవాలి, ఎదుటి పక్కవి వాటికి ప్రతిచర్య మాత్రమే. 38 మి.మీ. పిస్టన్లు రెండు కలిపితే 2,268. అంటే నొక్కే బలంలో తేడా ఏమీ లేదు. దాని లాభాలు వేరు: క్యాలిపర్ తక్కువ వంగుతుంది, ప్యాడ్ సమంగా అరుగుతుంది, పెడల్ గట్టిగా తగులుతుంది. చూడ్డానికి బాగుంటుందన్నది ఎవరూ ఒప్పుకోని నాలుగో లాభం.

మీ కారుకు ఇంతకన్నా తెలివైన దారి ఉంది. 1.6 కారులో డిస్కులు ముందు 235, వెనుక 231 మి.మీ. అదే కారు 1.8 ఇంజిన్‌తో వచ్చినప్పుడు కంపెనీ వాటిని 255, 251 చేసింది. ఆ క్యాలిపర్లు, బ్రాకెట్లు, డిస్కులు, ప్యాడ్‌లు మీ కారు మీద నేరుగా కూర్చుంటాయి, 14 అంగుళాల చక్రాల్లోనూ పడతాయి. నాలుగు చక్రాలవీ కలిపి, ఒకే కారువి తెచ్చుకోండి. ముందూ వెనకా దాదాపు ఒకే పాళ్లలో పెరుగుతాయి కాబట్టి కంపెనీ పెట్టిన సమతూకం చెడదు. రెండో తరం స్పోర్ట్ మోడల్‌లో వచ్చిన 270, 276 మి.మీ. డిస్కులు కావాలంటే మాత్రం 15 అంగుళాల చక్రాలు తప్పవు. ఏ కిట్ కొన్నా, కొనే ముందే దాని క్యాలిపర్ నమూనాను అట్టముక్క మీద కత్తిరించి చక్రంలో పెట్టి తిప్పి చూడండి. చక్రం పుల్లలకూ క్యాలిపర్‌కూ మధ్య కనీసం 3 మి.మీ. ఖాళీ ఉండాలి. లోపలి వైపు అంటించిన బ్యాలెన్సు బరువులను మర్చిపోతారు, అవి క్యాలిపర్‌కు రాసుకుని ఊడిపోతాయి.

ప్రశ్న: ముందు బ్రేకులు మాత్రమే పెద్దవి చేయించాను. ఇప్పుడు తడి రోడ్డు మీద ముందు చక్రాలు ఇట్టే లాక్ అవుతున్నాయి. వెనక్కి వెళ్లే లైనులో, పిడి తిప్పి సర్దుకునే ప్రెషర్ వాల్వ్ బిగిస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు, పైగా మీకు కావలసిన దానికి అది ఎదురు పని చేస్తుంది. ఆ వాల్వ్ వెనక చక్రాలకు పోయే ఒత్తిడిని తగ్గించగలదు గానీ పెంచలేదు. మీ కారులో ఇప్పటికే వెనక బ్రేకు తన వంతు పని చేయడం లేదు.

ముందూ వెనకా సగం సగం బరువున్న కారులో కూడా గట్టిగా బ్రేకు పట్టినప్పుడు బరువు ముందుకు ఒరిగి, దాదాపు మూడింట రెండు వంతులు ముందు టైర్ల మీద పడుతుంది. కంపెనీ ఆ పాళ్లు చూసే పిస్టన్లు, డిస్కుల సైజులు ఎంచుకుంటుంది. ముందు డిస్కు ఒక్కటే పెద్దదైతే ముందు టైర్లు తమ హద్దుకు ముందే చేరతాయి. అప్పటికి వెనక టైర్ల పట్టులో కొంత వాడకుండానే మిగిలిపోతుంది. డబ్బు పోసి ఆగే దూరం పెంచుకున్నట్టు.

చవకైన మందు ప్యాడ్‌లోనే ఉంది. చాలా ప్యాడ్‌ల అంచున రెండు ఇంగ్లీషు అక్షరాల కోడ్ ముద్రించి ఉంటుంది. మొదటిది మామూలు వేడిలో రాపిడి గుణకం, రెండోది బాగా వేడెక్కాక. ఈ అయితే 0.25 నుంచి 0.35, ఎఫ్ అయితే 0.35 నుంచి 0.45, జీ అయితే 0.45 నుంచి 0.55. వెనక ఈఈ ప్యాడ్‌లు ఉంటే ఎఫ్‌ఎఫ్ వేసి చూడండి. అప్పటికీ చాలకపోతే వెనక డిస్కు కూడా పెంచండి.

వాల్వ్ అవసరం పడేది వెనక బ్రేకు ఎక్కువైనప్పుడు. పిడి తిప్పినప్పుడు మారేది ఒక్కటే: ఏ ఒత్తిడి దగ్గర కోత మొదలవ్వాలన్నది. ఆ తర్వాత కోత పాళ్లు మారవు. బిగించేటప్పుడు కంపెనీ వాల్వ్‌ను తీసేయాలి, ఒకదాని వెనక ఒకటి రెండు పెడితే వెనక బ్రేకు పేరుకే మిగులుతుంది. సర్దడం ఖాళీ మైదానంలో, తడి నేల మీద, గంటకు 50 వేగంలో, సూటిగా వెళ్తూ చేయాలి. బయట దూరంగా ఒక మనిషి నిలబడి ఏ చక్రం మొదట ఆగిందో చూడాలి. వెనక ఒత్తిడి బాగా తక్కువ నుంచి మొదలెట్టి కొద్దికొద్దిగా పెంచండి. వెనక చక్రాలు మొదట లాక్ అయితే పిడిని వెనక్కి తిప్పి, తేడా స్పష్టంగా ఉండేలా చూడండి. ఎప్పుడైనా ముందు చక్రాలే మొదట లాక్ కావాలి. ముందువి లాకైతే కారు సూటిగా జారుతుంది, వెనకవి లాకైతే గిర్రున తిరుగుతుంది. చక్రాలు లాక్ కాకుండా చూసే ఏబీఎస్ ఉన్న కారులో ఈ వాల్వ్ జోలికి వెళ్లకండి.

ప్రశ్న: వెనక క్యాలిపర్లు, నాలుగు స్టీలు అల్లిక హోసులు మార్చాక పెడల్ సగం దాకా దిగిపోతోంది. మూడుసార్లు గాలి తీశాం. మాస్టర్ సిలిండర్ పెద్దది వేయమంటున్నారు. వేయించాలా?

జవాబు: ఇప్పుడే వద్దు. ముందు పెడల్ ఎలా దిగుతోందో గమనించండి. రెండు మూడు సార్లు గబగబా తొక్కితే పైకి వచ్చి గట్టిపడుతోందా? అయితే అది గాలి కావచ్చు, లేదా ప్యాడ్‌లకూ డిస్కుకూ మధ్య ఖాళీ ఎక్కువ ఉండొచ్చు. ఎంత తొక్కినా స్పాంజిలా మెత్తగానే ఉంటే గాలే. గట్టిగా తొక్కి పట్టుకుంటే నెమ్మదిగా నేలకు దిగిపోతోందంటే మాస్టర్ సిలిండర్ సీలు పోయింది, లేదా ఎక్కడో కారుతోంది.

మీరు వెనక క్యాలిపర్లు మార్చారు కాబట్టి మా అనుమానం హ్యాండ్‌బ్రేక్ మర మీద. చాలా వెనక క్యాలిపర్లలో పిస్టన్ లోపల హ్యాండ్‌బ్రేక్‌కు ఒక మర ఉంటుంది. అది సరిగ్గా సర్దకపోతే పిస్టన్ ప్రతిసారీ ఎక్కువ దూరం వెనక్కి పోతుంది. పెడల్ మొదటి సగం ఆ ఖాళీ పూడ్చడానికే ఖర్చయిపోతుంది, ఎంత గాలి తీసినా లాభం ఉండదు. మొదటి తరం ఎంఎక్స్-5 క్యాలిపర్‌లో అయితే వెనక వైపున్న 14 మి.మీ. బోల్టు విప్పితే లోపల 4 మి.మీ. అలెన్ కీ పట్టే మర కనిపిస్తుంది. హ్యాండ్‌బ్రేక్ దించి, ప్యాడ్‌లు డిస్కును పట్టేదాకా కుడివైపు తిప్పి, అక్కడి నుంచి మూడో వంతు చుట్టు వెనక్కి వదలాలి. చక్రం చేత్తో తేలిగ్గా తిరగాలి. రెండు పక్కలా ఇది అయ్యాకే కేబుల్ సర్దాలి. ముందే కేబుల్ బిగిస్తే లోపలి మర సంగతి ఎప్పటికీ తేలదు. కొన్ని కార్లలో పిస్టన్‌ను తిప్పుతూ లోపలికి పంపాలి, వాటిని సీ-క్లాంపుతో బలవంతంగా నెట్టారంటే లోపలి మర విరుగుతుంది.

రెండో అనుమానం, క్యాలిపర్లు ఎడమా కుడీ తారుమారు కావడం. బోల్టులు రెండు పక్కలా పడతాయి కాబట్టి తప్పు తెలియదు. గాలి తీసే నిపుల్ క్యాలిపర్‌కు పై చివర ఉండాలి. కిందికి వచ్చిందంటే గాలి బుడగ పైన చిక్కుకుపోయి ఎన్ని సీసాల ఆయిల్ పోసినా రాదు. ఒక్కసారి వంగి చూస్తే తేలిపోయే విషయం.

మూడోది, పాత మాస్టర్ సిలిండర్. గాలి తీసేటప్పుడు పక్కవాడితో పెడల్‌ను నేలదాకా తొక్కిస్తారు. రోజువారీ వాడకంలో సీలు అంత దూరం ఎప్పుడూ వెళ్లదు. సిలిండర్‌లో ఆ చివర తుప్పు, గుంటలు పేరుకుని ఉంటాయి. సీలు పెదవి వాటి మీద రాసుకుని చిరిగిపోతుంది. నిన్నటిదాకా బాగున్న సిలిండర్ గాలి తీశాక పాడైందని అనేది ఇందుకే. పెడల్ కింద ఒక చెక్కముక్క పెట్టి తొక్కించండి, లేదా పై నుంచి ఒత్తిడితో ఆయిల్ పంపే పరికరం వాడండి. కొత్త మాస్టర్ సిలిండర్ వేస్తే మాత్రం కారులో బిగించకముందే వైస్‌లో పట్టి, దాని రంధ్రాల నుంచి గొట్టాలు తిరిగి ట్యాంకులోకే పెట్టి, బుడగలు ఆగేదాకా మెల్లగా నొక్కాలి.

ఇవన్నీ సరిగ్గా ఉండి, కొత్త క్యాలిపర్ పిస్టన్లు నిజంగానే పెద్దవైతే అప్పుడు మాస్టర్ సిలిండర్ సంగతి ఆలోచించండి. 7/8 అంగుళాల సిలిండర్ వైశాల్యం 388 చదరపు మి.మీ., 15/16 అయితే 445, ఒక అంగుళం అయితే 507. ఒక అంగుళానికి మారితే అదే పని తక్కువ దూరంలో అవుతుంది, కానీ అదే ఒత్తిడికి కాలు 31 శాతం ఎక్కువ బలంతో నొక్కాలి. కాలి బలాన్ని పెంచే బూస్టర్ లేని కారులో ఆ తేడా మోకాలికి తెలుస్తుంది. ఒక మెట్టు, అంటే 15/16 దగ్గర ఆగడమే మేలు.

ప్రశ్న: మలుపు దాటాక మొదటిసారి బ్రేకు తొక్కితే పెడల్ లోతుకు వెళ్తోంది. రెండోసారి మామూలే. ముందు నాలుగు పిస్టన్ల క్యాలిపర్లున్నాయి.

జవాబు: వీల్ బేరింగు చూడండి. మలుపులో హబ్ (చక్రం, డిస్కు కూర్చునే భాగం) కదిలి డిస్కు పక్కకు ఒరిగి పిస్టన్లను వెనక్కి నెడుతోంది. జారే రకం క్యాలిపర్ ఈ కదలికకు కొంత సర్దుకుపోతుంది, స్థిరమైనది సర్దుకోలేదు. కారు ఎత్తి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట తెలుస్తూనే ఉంటుంది.

ప్రశ్న: పాత కారుకు సిలికాన్ ఆయిల్ మంచిదంటారు, రంగు పాడు చేయదంటారు. డాట్ 5 పోయవచ్చా? డాట్ 5.1 అంటే దాని కొత్త రకమా?

జవాబు: రెండిటికీ పోలిక అంకెలో మాత్రమే. డాట్ అంకెలు బ్రేక్ ఆయిల్ గ్రేడులు. డాట్ 3, 4, 5.1 గ్లైకాల్ జాతివి, ఒకదానితో ఒకటి కలుస్తాయి. డాట్ 5 సిలికాన్, వీటిలో దేనితోనూ కలవదు. కలిపితే వ్యవస్థ మొత్తం కడిగి సీళ్లు మార్చడమే గతి.

మరిగే వేడి కనీసం ఎంత ఉండాలో ప్రమాణాలు చెప్తాయి. కొత్త ఆయిల్‌లో డాట్ 3కి 205 డిగ్రీలు, డాట్ 4కి 230, డాట్ 5.1కి 260. నీళ్లు 3.7 శాతం పీల్చుకున్నాక అవే 140, 155, 180కి పడిపోతాయి. ఎన్నేళ్లుగానో మార్చని ఆయిల్‌తో ఘాట్ దిగితే ఏమవుతుందో ఈ రెండో వరుస చెప్తుంది. ఆయిల్ మరిగి ఆవిరైతే పెడల్ నేలకు తగులుతుంది, ఆవిరి నలిగిపోతుంది గానీ బ్రేకును నెట్టదు.

సిలికాన్ నీళ్లు పీల్చుకోదు నిజమే. కానీ లోపలికి చేరిన నీరు కలవకుండా కింద, అంటే క్యాలిపర్‌లోనే, చుక్కలుగా కూర్చుంటుంది. అక్కడ తుప్పు పడుతుంది, వేడికి ముందు మరిగేది అదే. పైగా పెడల్ కాస్త మెత్తగా ఉంటుంది, ఏబీఎస్‌కు అసలు పనికిరాదు. షెడ్డులో నిలబెట్టి ఏడాదికి నాలుగుసార్లు తీసే ప్రదర్శన కారుకు సరే. నడిపే కారుకు మా ఓటు మంచి డాట్ 4కే, రెండేళ్లకోసారి మార్చాలి, ట్రాక్‌కు వెళ్తుంటే ప్రతి ఏడూ. సీసా మూత తీశాక మిగిలింది దాచుకోకండి. బాడీ మీద ఒలికితే వెంటనే నీళ్లతో కడిగేయండి.

ప్రశ్న: బ్రేకు తొక్కితే స్టీరింగ్ వణుకుతోంది. డిస్కులు వంగాయంటే కొత్తవి వేశా. రెండు వేల కిలోమీటర్లు తిరక్కముందే మళ్లీ మొదలైంది. నాసిరకం డిస్కులా?

జవాబు: డిస్కు తప్పు కాకపోవచ్చు, అది కూర్చున్న చోటు తప్పు. మనం వంకర అనుకునేది చాలాసార్లు మందంలో తేడా. హబ్ ముఖం మీద, చక్రం నట్లు పట్టే స్టడ్ల చుట్టూ తుప్పు పొర మిగిలిపోతే డిస్కు రవ్వంత పక్కకు ఒరిగి కూర్చుంటుంది. హబ్ దగ్గర వెంట్రుకవాసి తేడా, అంచు దగ్గరకు వచ్చేసరికి రెట్టింపవుతుంది. బ్రేకు పట్టకుండా నడుపుతున్నప్పుడు కూడా ఆ ఎత్తైన చోటు చుట్టుకొకసారి ప్యాడ్‌ను తాకుతూ అరుగుతుంది. కొన్ని వందలో వేలో కిలోమీటర్లయ్యాక డిస్కు ఒకచోట పలచబడుతుంది. అప్పుడు వణుకు మొదలవుతుంది. మీకు జరిగింది అచ్చంగా ఇదే అనిపిస్తోంది.

డిస్కు తీసి, హబ్ ముఖాన్ని వైరు బ్రష్షుతో మెరిసేదాకా రుద్దండి. స్టడ్ల మొదళ్ల దగ్గర బ్రష్షు సరిగ్గా ఆనదు, అక్కడ ఎమిరీ పేపర్‌తో రుద్దాలి. గ్రీజు రాస్తే పొర పడీపడనట్టు రాయండి, మందంగా పూస్తే తుప్పు చేసిన పనే అదీ చేస్తుంది. డిస్కు పెట్టి చక్రం నట్లన్నీ వాషర్లతో సమంగా బిగించండి. ముందు బేరింగులో ఆట లేదని తేల్చుకుని, వంకరను కొలిచే డయల్ గేజ్ ముల్లును డిస్కు బయటి అంచుకు 10 మి.మీ. లోపల ఆనించి ఒక చుట్టు తిప్పండి. పాత మాన్యువల్స్ చాలావాటిలో 0.1 మి.మీ. దాకా ఒప్పుకుంటారు, 0.05 లోపు ఉంటే నిశ్చింత. ఎక్కువుంటే డిస్కును ఒక స్టడ్ పక్కకు జరిపి మళ్లీ కొలవండి. హబ్ వంకరా డిస్కు వంకరా ఒకదాన్నొకటి కొట్టేసుకునే చోటు ఒకటి దొరుకుతుంది.

చక్రం నట్లు ఎదురెదురుగా, టార్క్ పానాతోనే బిగించండి. గాలి గన్నుతో ఇష్టమొచ్చినట్టు బిగించడం కూడా ఈ జబ్బుకు ఒక కారణం. క్యాలిపర్ జారే పిన్నులు చేత్తో నెడితే కదలాలి. వాటికి రబ్బరును దెబ్బతీయని సిలికాన్ గ్రీజే రాయాలి. మామూలు పెట్రోలియం గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి పిన్ను పట్టేస్తుంది.

ప్రశ్న: కొత్త ప్యాడ్‌లు, డిస్కులు వేశాక ఎలా నడపాలి? రేసు ప్యాడ్‌లు రోజువారీ వాడొచ్చా?

జవాబు: కొత్త డిస్కు మీది నూనెను బ్రేక్ క్లీనర్‌తో తుడిచేశాక, ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 20 వేగానికి ఓ మోస్తరుగా తొక్కుతూ పదిసార్లు తగ్గించండి, ఒక్కో దానికీ మధ్య అర నిమిషం నడపండి. తర్వాత 90 నుంచి 20కి కాస్త గట్టిగా ఆరేడు సార్లు. ఎక్కడా పూర్తిగా ఆపకూడదు. వేడి డిస్కు మీద ప్యాడ్ నొక్కి పట్టి నిలబడితే దాని ముద్ర అక్కడే అంటుకుంటుంది, పై ప్రశ్నలోని వణుకు మళ్లీ దాపురిస్తుంది. అంతా అయ్యాక పది నిమిషాలు బ్రేకు వాడకుండా నడిపి, హ్యాండ్‌బ్రేక్ వేయకుండా గేరులో నిలిపి, చక్రానికి అడ్డు పెట్టి చల్లారనివ్వండి. డిస్కు మీద బూడిదరంగు పొర ఎక్కడా మచ్చ లేకుండా సమంగా ఉండాలి. పాత డిస్కు మీద వేరే రకం ప్యాడ్ వేస్తుంటే ముందు ఎమిరీతో పాత పొరను గీకేయాలి.

రేసు ప్యాడ్ చల్లగా ఉన్నప్పుడు పట్టదు. ఇంటి సందు చివర మొదటి బ్రేకుకే అది పనికిరావాలి కదా, అక్కడే మోసం చేస్తుంది. పైగా కీచుమంటుంది, డిస్కును తినేస్తుంది. ట్రాక్‌కు వేరే జత పెట్టుకోండి.

ప్రశ్న: రంధ్రాలున్న డిస్కులా, గీతలున్నవా?

జవాబు: సాదా వెంటిలేటెడ్ డిస్కు, అంటే మధ్యలో గాలి ఆడే ఖాళీలున్నది. ట్రాక్ మీద రంధ్రాల అంచుల నుంచే పగుళ్లు పుడతాయి. గీతలున్నవి పరవాలేదు, ప్యాడ్ కాస్త తొందరగా అరుగుతుంది.

ప్రశ్న: నా బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీకి వెనక డ్రమ్ములు తీసి డిస్కులు వేయించాలని ఉంది. ఏం చూసుకోవాలి?

జవాబు: అవసరమా అన్నది మొదట చూసుకోవాలి. ఎంజీబీకి ముందు 10.75 అంగుళాల డిస్కులు, వెనక 10 అంగుళాల డ్రమ్ములు. ఆ బరువుకు వెనక డ్రమ్ములు చాలు. చాలావాటిలో సమస్య, వీల్ సిలిండర్ కారి లైనింగుల మీద ఆయిల్ పడటం, లేదా ఎవరూ సర్దకపోవడం. డ్రమ్ము విప్పితే పాత లైనింగు ధూళిలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. గాలి కొట్టి ఊదకండి, బ్రేక్ క్లీనర్‌తో తడిపి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయండి.

అయినా మార్చాలనే ఉంటే మూడు సంగతులు. డ్రమ్ము లైనుల్లో కొన్ని కార్లకు సుమారు 10 పీఎస్ఐ ఒత్తిడి నిలబెట్టే చిన్న వాల్వ్ ఉంటుంది. అది మాస్టర్ సిలిండర్ లోపలే దాగి ఉండొచ్చు. డిస్కు వేశాక అదే మిగిలిపోతే ప్యాడ్ ఎప్పుడూ రాసుకుంటూనే ఉంటుంది. డిస్కు క్యాలిపర్‌కు డ్రమ్ము సిలిండర్ కన్నా ఎక్కువ ఆయిల్ కావాలి కాబట్టి మాస్టర్ సిలిండర్ సరిపోతుందో లెక్క వేయాలి. ఇక హ్యాండ్‌బ్రేక్. డ్రమ్ములో అది అద్భుతంగా పని చేస్తుంది, చవక కిట్లలో ఎత్తు మీద కారును నిలపలేదు.

కారు మరీ పాతదై, ఒకే లైను నాలుగు చక్రాలకూ వెళ్తుంటే ఆ డబ్బును రెండు విడి లైన్ల మాస్టర్ సిలిండర్ మీద పెట్టండి. అమెరికాలో 1968 నుంచి కొత్త కార్లకు ఇది తప్పనిసరి అయింది, అంతకు ముందు చాలా కార్లలో ఒక్క హోసు పగిలితే నాలుగు బ్రేకులూ పోతాయి.

ప్రశ్న: కొత్త పైపు నట్టు రెండు చుట్లు చేత్తోనే తిరిగింది, తర్వాత పానాతో బిగిస్తే బిగిసింది. కానీ చెమర్చినట్టు కారుతోంది.

జవాబు: తొక్కకండి, కారు కదపకండి. అది ఏ రకం మర నట్టో చూడండి. బ్రిటిష్, అమెరికన్ కార్లలో 3/8 అంగుళాల, అంగుళానికి 24 చుట్ల మర. జపాన్, యూరప్ కార్లలో ఎం10, అంటే 10 మి.మీ., చుట్ల ఎడం 1 మి.మీ. ఉన్న మర. మొదటిది 9.5 మి.మీ., రెండోది 10. చుట్ల ఎడంలో తేడా మి.మీ.లో ఇరవయ్యో వంతు. అందుకే ఒకటి ఇంకోదాంట్లో దూరినట్టే దూరి, మొదటి చుట్లు మెత్తగా తిరిగి, తర్వాత మరను నలిపేస్తుంది. బిగిసినట్టు అనిపించేది నలిగిన లోహమే. ఒక్క గట్టి బ్రేకుకు ఊడొచ్చు. పైపు అంచు మడత ఆకారం కూడా రెండు రకాలు. ఒకటి లోపలికి రెండు మడతల గరాటు, ఇంకోటి ఉల్లిగడ్డ ఆకారపు గుబ్బ. ఒకదాని గూట్లో ఇంకోటి కూర్చోదు. మర పాడైన క్యాలిపర్‌ను గానీ సిలిండర్‌ను గానీ వాడకండి.

హోసుకు బాంజో బోల్టు (లోపల నుంచి ఆయిల్ పోయే బోలు బోల్టు) ఉంటే రాగి వాషర్లు రెండూ ప్రతిసారీ కొత్తవే. హోసు బిగించాక స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి, చక్రం వేలాడదీసి చూడండి, ఎక్కడా లాగకూడదు, మెలిక పడకూడదు, టైరుకు తాకకూడదు.

ప్రశ్న: బూస్టర్ మార్పించాం. పొద్దున బాగానే ఉంటుంది. ఇరవై నిమిషాలు తిరిగాక బ్రేకులు వాటంతట అవే పట్టేస్తున్నాయి. చల్లారితే వదిలేస్తాయి.

జవాబు: బూస్టర్ నుంచి మాస్టర్ సిలిండర్‌ను నెట్టే పుల్ల పొడవు ఎక్కువైంది. పెడల్ వదిలినా పిస్టన్ పూర్తిగా వెనక్కి రాక, ట్యాంకుకు దారి తెరిచే చిన్న రంధ్రాన్ని మూసే ఉంచుతోంది. ఆయిల్ వేడెక్కి ఉబ్బితే తిరిగి పోయే దారి లేదు, ఆ ఒత్తిడి బ్రేకును నొక్కుతుంది. నొక్కితే ఇంకా వేడి, ఇంకా ఒత్తిడి. బ్రేకు లైటు స్విచ్చిని మరీ ముందుకు బిగించి పెడల్‌ను పూర్తిగా పైకి రానివ్వకపోయినా ఇదే జరుగుతుంది, ముందు అది చూడండి.

ఖాయం చేసుకోవాలంటే, బ్రేకులు పట్టేసిన స్థితిలోనే కారు చక్రాలకు అడ్డు పెట్టి, మాస్టర్ సిలిండర్‌ను బూస్టర్‌కు పట్టిన రెండు నట్లను కొన్ని చుట్లు వదులు చేసి సిలిండర్‌ను ముందుకు లాగండి. చక్రాలు వదిలేశాయంటే పుల్లదే తప్పు. వదలకపోతే సిలిండర్ దగ్గరి పైపు నట్టును కొద్దిగా వదులు చేయండి. అప్పుడు వదిలితే రంధ్రం చెత్తతో మూసుకుపోయింది. అప్పుడూ వదలక, చక్రం దగ్గర నిపుల్ తెరిస్తేనే వదిలిందంటే ఆ చక్రపు పాత రబ్బరు హోసు లోపల ఉబ్బి మూసుకుపోయింది, పైకి మాత్రం కొత్తదానిలా కనిపిస్తుంది. నిపుల్ తెరిచినా వదలకపోతే క్యాలిపర్ పిస్టన్‌కో పిన్నులకో తుప్పు పట్టింది.

పుల్ల సర్దడానికి మాస్టర్ సిలిండర్ విప్పి, దాని వెనక గుంట లోతూ, బూస్టర్ ముఖం నుంచి పుల్ల పొడుచుకొచ్చిన ఎత్తూ వెర్నియర్‌తో కొలవండి. మధ్యలో గ్యాస్కెట్ ఉంటే దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. పుల్ల గుంట అడుగుకు తాకకుండా మాన్యువల్ చెప్పినంత ఖాళీ మిగలాలి. కొన్ని కార్లలో ఈ కొలత ఇంజిన్ ఆన్‌లో ఉండి, బూస్టర్‌లో వాక్యూమ్ ఉన్నప్పుడు తీయమంటారు. సర్దాక పుల్ల లాక్ నట్టు బిగించి, పాత గ్యాస్కెట్ బదులు కొత్తది వేసి, గాలి తీసి, మళ్లీ అరగంట తిప్పి ఒక్కో డిస్కు వేడిని దూరం నుంచి కొలిచే థర్మామీటర్‌తో చూడండి. ఎడమా కుడీ దాదాపు ఒకే అంకె చూపాలి.